తుఫాను తీరం దాటాక ఏ సూచనను నమ్మాలి? కోన్, మోడల్, రాడార్: దేని పని దానిది

తుఫాను సముద్రంలో ఉన్నంతసేపు అందరిదీ ఒకటే ప్రశ్న: ఎక్కడ తీరం దాటుతుంది? టీవీలో, వాట్సాప్‌లో ఎక్కడ చూసినా అదే గీత, అదే సుడి బొమ్మ. తీరం నుంచి వంద, మూడొందల కిలోమీటర్లు లోపలికి ఉన్నవాళ్లకు ఆ జవాబు సగమే పనికొస్తుంది. గాలి మా దాకా వచ్చేసరికి ఎంత మిగులుతుంది? వాన ఏ రాత్రి, ఎన్ని గంటలు పడుతుంది? పక్కన వాగు ఎప్పుడు పొంగుతుంది? వాళ్లకు కావలసినవి ఇవి.

ఈ మూడింటికీ ఒకే చోట జవాబు దొరకదు. "ఏ మోడల్ (వాతావరణాన్ని కంప్యూటర్‌తో లెక్కగట్టి సూచన ఇచ్చే ప్రోగ్రామ్) కరెక్ట్‌గా చెబుతుంది?" అని చాలామంది అడుగుతారు. అలా అడిగితే సరైన జవాబు రాదని నా అభిప్రాయం. నాలుగు రోజుల ముందు బాగా పనికొచ్చేది నాలుగు గంటల ముందు దండగ, రాడార్ విషయంలో సరిగ్గా తలకిందులు. అందుకే కింద పోల్చినవాటిలో ఒకటే గెలిచిందని చెప్పను, దేన్ని ఎప్పుడు చూడాలో చెబుతాను.

తీరం దాటగానే ఏం మారుతుంది

తుఫానుకు సముద్రం నుంచి అందే వేడి, తేమ నేల మీద అందవు. పైగా చెట్లు, కట్టడాలు, గుట్టలు గాలిని అడ్డుకుంటాయి. అందుకే తీరం దాటిన మొదటి ఆరు నుంచి పన్నెండు గంటల్లోనే గాలి వేగం బాగా పడిపోతుంది. ఆ గంటల్లో తుఫాను ఎంత దూరం నడుస్తుందన్నదాన్ని బట్టే గాలి ఎంత లోపలికి వస్తుందో తేలుతుంది. మెల్లగా కదిలేది తీరం దగ్గరే చల్లబడుతుంది, వేగంగా కదిలేది బలం తగ్గేలోపే లోపలి జిల్లాలకు చేరిపోతుంది. 1989లో అమెరికాలో హ్యూగో హరికేన్ (అక్కడ బలమైన తుఫానును అలా పిలుస్తారు) అలాగే తీరం దాటిన చోటు నుంచి దాదాపు 300 కిలోమీటర్లు లోపలున్న షార్లెట్ నగరంలో చెట్లను, కరెంటు లైన్లను కూల్చేసింది.

వాన సంగతి వేరు. గాలి తగ్గితే వాన కూడా తగ్గాలని రూలేమీ లేదు. అమెరికా ఫోర్‌కాస్టర్లు దశాబ్దాలుగా వాడే ఒక మోటు లెక్క ఉంది: తుఫాను కదిలే వేగం నాట్లలో (గంటకు ఎన్ని నాటికల్ మైళ్లు అన్న కొలత) ఎంతో చూసి, 100ను దానితో భాగించాలి. వచ్చేది అంగుళాల్లో గరిష్ఠ వర్షపాతం. దాన్నే కిలోమీటర్లలోకి మారిస్తే, సుమారు 4,700ను గంటకు కదిలే కిలోమీటర్లతో భాగించాలి, జవాబు మిల్లీమీటర్లలో వస్తుంది. గంటకు 25 కిలోమీటర్లతో పోయేదైతే 190 మిల్లీమీటర్ల దాకా, 10 కిలోమీటర్లతో ఈడ్చుకుంటూ పోయేదైతే 470 దాకా. ఇది దారి పొడవునా ఏదో ఒక చోట పడగల గరిష్ఠం, అంతేగానీ మీ ఊళ్లో పడేది కాదు. కానీ ఈ లెక్కలో గాలి వేగం ఎక్కడా లేదు చూడండి. తుఫాను ఏ కేటగిరీ అన్నదానితో దీనికి పని లేదు.

2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటింది తుఫాను కూడా కాదు, తీవ్ర వాయుగుండం. దానికి పేరైనా పెట్టలేదు. అక్కడికి దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్ ఆ రాత్రి మునిగింది, శివారు ఘట్‌కేసర్ దగ్గర 24 గంటల్లో 300 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. 2017లో హార్వే హరికేన్ అమెరికాలోని టెక్సాస్‌లోకి వచ్చి కదలకుండా కూర్చుంటే నీడర్‌లాండ్ అనే చోట మొత్తం 1,500 మిల్లీమీటర్లు దాటింది. "బలహీనపడింది" అన్న మాట విని ఊపిరి పీల్చుకునే ముందు, అది గాలి గురించి చెప్పిన మాటని గుర్తుపెట్టుకోవాలి.

అధికారిక బులెటిన్: పటం కంటే పాఠం ముఖ్యం

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. బులెటిన్ రాసేవాళ్ల ముందు అన్ని మోడళ్లూ ఉంటాయి, విమానాల సమాచారం ఉంటే అదీ, ఉపగ్రహాలు, రాడార్లు కూడా ఉంటాయి. మనం ఫోన్‌లో ఒక మోడల్ చూసి వాళ్లను మించిపోవడం అరుదు.

ఇబ్బందంతా జనం దాన్ని చదివే తీరులోనే. కోన్ అని పిలిచే ఆ గరాటు ఆకారం తుఫాను కేంద్రం ఎటు వెళ్లవచ్చో చూపిస్తుంది, అంతవరకే. అమెరికా నేషనల్ హరికేన్ సెంటర్ గత ఐదేళ్ల పొరపాట్లను లెక్కగట్టి, మూడింట రెండు వంతుల సందర్భాల్లో కేంద్రం లోపలే ఉండేలా దాన్ని గీస్తుంది. అంటే మూడుసార్లకు ఒకసారి కేంద్రమే బయటికి పోవచ్చు. వాన, గాలి, ముంపు ఎంత వెడల్పున ఉంటాయో కోన్ చెప్పదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. చెన్నై మునిగింది అంతకు ముందు రెండు రోజుల్లో, తుఫాను ఇంకా సముద్రంలో ఉండగానే.

కాబట్టి పటాన్ని ఒకసారి చూసి పక్కన పెట్టి, కింద ఉన్న పాఠం చదవండి. అందులో ముందుగా వెతకాల్సింది గత ఆరు గంటల్లో తుఫాను కదిలిన వేగం. అది తగ్గుతూ వస్తుంటే వాన లెక్క పెరుగుతున్నట్టే. ఆ తర్వాత జిల్లాలవారీగా వర్ష సూచన. భారత వాతావరణ శాఖ భాషలో "భారీ" అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటేది, "అతి భారీ" 115.6 నుంచి, "అత్యంత భారీ" 204.5 నుంచి. చెవికి ఈ మూడూ ఒకేలా వినిపిస్తాయి గానీ మొదటిదానికి రోడ్డు మీద నీళ్లు నిలుస్తాయి, మూడోదానికి చెరువు కట్టలు తెగుతాయి. రంగుల్లో పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే ఇక కదలమని.

గాలి అంకెల్లో ఒక మెలిక ఉంది. అమెరికా సంస్థలు ఒక నిమిషం సగటు చెబుతాయి, భారత వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటు, ఇంకొన్ని దేశాలు పది నిమిషాల సగటు. ఒకే తుఫానుకు ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ చెప్పారని సోషల్ మీడియాలో గొడవ మొదలయ్యేది చాలాసార్లు ఇక్కడే. పోల్చాలంటే ఒకే సంస్థ నిన్న చెప్పిన అంకెనూ ఈరోజు చెప్పిన అంకెనూ పోల్చండి.

యూరోపియన్ మోడలా, జీఎఫ్ఎస్సా?

మోడళ్లు భూమిని గడులుగా విభజించి ఒక్కో గడికి లెక్క కడతాయి. యూరోపియన్ వాతావరణ కేంద్రం మోడల్ సుమారు 9 కిలోమీటర్ల గడులతో, అమెరికా జీఎఫ్ఎస్ సుమారు 13 కిలోమీటర్ల గడులతో నడుస్తాయి. భారత్‌లో 2025 మే నుంచి 6 కిలోమీటర్ల భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ కూడా వచ్చింది. మూడు నుంచి ఏడు రోజుల ముందు మొత్తం మీద ఎవరి రికార్డు బాగుందంటే యూరోపియన్‌దే, ఇందులో పెద్ద వాదన లేదు. కానీ అది ఏళ్ల తరబడి తీసిన సగటు. ఈ వారం వచ్చిన ఈ ఒక్క తుఫానుకు జీఎఫ్ఎస్సే దగ్గరగా చెప్పవచ్చు, ఏది గెలిచిందో అయిపోయాక గానీ తెలియదు.

నేనైతే రెండింటినీ పోటీగా చూడను. రెండూ ఒకే దారి, ఒకే వేగం చూపిస్తే ధైర్యం. ఒకటి తుఫానును ఉత్తరానికి తిప్పి, ఇంకొకటి నేల మీదే రెండు రోజులు తిప్పుతుంటే, తేలని విషయం ఏమిటో తెలిసినట్టే: దాని నడక. అప్పుడు ఒక మోడల్ పక్షాన చేరిపోవడం కంటే ఎన్‌సెంబుల్ (ఒకే మోడల్‌ను చాలాసార్లు నడిపిన ఫలితాల గుంపు) తెరవడం మేలు.

మోడల్ రన్ (మోడల్‌ను ఒకసారి నడిపి తీసిన లెక్క) ఎప్పటిదో కూడా చూడండి. పటం మూల మీద 00, 06, 12, 18 అని రాసి ఉండేది యూటీసీ సమయం, భారత కాలమానానికి ఐదున్నర గంటలు కలపాలి. పైగా లెక్క పూర్తయి మన చేతికి రావడానికి గంటలు పడుతుంది. మధ్యాహ్నం చూసే పటం తెల్లవారుజామున ఉన్న పరిస్థితితో మొదలైనదన్నమాట. తుఫాను ఈలోపు దారి మార్చుకుని ఉంటే పటానికి ఆ సంగతి తెలియదు.

ఎన్‌సెంబుల్: లోపలి ఊళ్లకు అసలు సాధనం

రెండు నుంచి ఐదు రోజుల ముందు ఒక్కటే చూడమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. ఆరంభ పరిస్థితులను కొద్దికొద్దిగా మార్చి ఒకే మోడల్‌ను పదులసార్లు నడుపుతారు. యూరోపియన్‌లో 51 రన్‌లు, జీఎఫ్ఎస్ కుటుంబంలో 31. అవన్నీ గుత్తిగా ఒకే దారిన వెళితే పరిస్థితి స్థిరంగా ఉందని, చీపురులా విచ్చుకుపోతే ఇంకా తేలలేదని.

అయితే దీన్ని తప్పుగా చదవడం చాలా తేలిక. చాలా వెబ్‌సైట్లు ముందుగా చూపించేది సగటు పటం. ఉదాహరణకు, దాంట్లో మీ ఊరి మీద 70 మిల్లీమీటర్లు ఉందనుకోండి. విడివిడి రన్‌లు తెరిచి చూస్తే 51లో 35 రన్‌లు 35 మిల్లీమీటర్ల దగ్గర, మిగతా 16 రన్‌లు 150 దగ్గర ఉన్నాయనుకుందాం. సగటు కడితే 71 వస్తుంది, లెక్క సరిగ్గానే ఉంది. కానీ 70 పడుతుందని ఒక్క రన్ కూడా చెప్పలేదు. అసలు కబురు ఏమిటంటే, మామూలు వానతో పోయే అవకాశం మూడింట రెండు వంతులు, ముంపు తెచ్చే వానకు మూడింట ఒక వంతు.

ఇక ఆ మూడో వంతుతో ఏం చేయాలన్నది మీరు ఎక్కడ ఉన్నారన్నదాన్ని బట్టే. మెరక మీద ఇల్లు ఉండి, రేపు ఊరెళ్లాలా వద్దా అన్నదే సమస్యైతే ఇంకో రోజు ఆగి చూడొచ్చు. వాగు పక్కన ఇల్లు, ఇంట్లో మంచం మీద ఉన్న పెద్దవాళ్లు ఉంటే, మూడింట ఒక వంతు అంటే ఈరోజే వాళ్లను తరలించేంత పెద్ద అంకె. సగటు పటం ఈ ఇద్దరికీ ఒకే మాట చెబుతుంది, అదే దాంతో వచ్చిన చిక్కు. "100 మిల్లీమీటర్లు దాటే అవకాశం ఎంత శాతం" అని చూపించే పటం దొరికితే దాన్నే వాడండి. పది రన్‌లలో ఒకటి చూపించే గరిష్ఠం దొరికితే అదీ చూడండి. ఇళ్లు ముంచేది ఆ పదో రన్ లాంటి వానే.

3 కిలోమీటర్ల మోడళ్లు: చూపు బాగుంది, చోటు మాత్రం నమ్మలేం

గడి 3 కిలోమీటర్లకు దిగితే మోడల్ విడివిడి ఉరుము మేఘాలను, వాన పట్టీలను చూపించగలదు. అమెరికాలో గంటగంటకూ కొత్తగా నడిచే హెచ్ఆర్ఆర్ఆర్ ఇలాంటిదే. వేరే దేశాల్లోనూ ఈ రకం ప్రాంతీయ మోడళ్లు ఉన్నాయి. 36 గంటల లోపు ఇవి చాలా పనికొస్తాయి, ముఖ్యంగా కొండలున్న చోట. తేమ గాలి కొండ వాలును ఎక్కేటప్పుడు వాన ఎంత పెరుగుతుందో పెద్ద గడుల మోడల్‌కు సరిగ్గా తెలియదు, కొండే దానికి నున్నగా కనిపిస్తుంది.

బొమ్మ అచ్చం రాడార్ చిత్రంలా ఉండడమే దీంతో ప్రమాదం. ఎర్రటి పట్టీ మన ఊరికి పది కిలోమీటర్ల అవతల ఉందని సంబరపడిపోతాం. మోడల్‌కు ఆ పట్టీ ఎంత వాన కురుస్తుందో తెలుస్తుంది, ఏ మండలం మీద కురుస్తుందో తెలియదు. మీ ఊరి చుట్టూ 40, 50 కిలోమీటర్ల వలయం ఊహించుకుని, అందులో ఎక్కడ పెద్ద అంకె ఉన్నా అది మీ మీద పడవచ్చనే అనుకోండి.

వీటిలో నేను ప్రత్యేకంగా చూసేది రాత్రి గంటలు. నేల మీదికి వచ్చిన వాయుగుండం చుట్టూ పగలు వాన చెల్లాచెదురుగా ఉండి, రాత్రయ్యేసరికి కేంద్రం దగ్గరే ముద్దగా మొదలవడం తరచూ జరుగుతుంది. 2001 జూన్‌లో అమెరికాలో ఆలిసన్ తుఫాను తీరం దాటి, నేల మీద తిరిగి మళ్లీ వెనక్కి వచ్చి, 8వ తేదీ రాత్రి హ్యూస్టన్‌ను ముంచింది. అది ఎప్పుడూ హరికేన్ స్థాయికి చేరనే లేదు.

ఏఐ మోడళ్లు

గ్రాఫ్‌కాస్ట్ లాంటివి పది రోజుల సూచనను నిమిషంలోపే ఇస్తున్నాయి. యూరోపియన్ కేంద్రం తన ఏఐ మోడల్ ఏఐఎఫ్ఎస్‌ను 2025 ఫిబ్రవరి నుంచి రోజువారీ వాడకంలోకి తెచ్చింది. తుఫాను దారి విషయంలో ఇవి నిజంగానే బాగున్నాయి, తీసిపారేయడానికి లేదు. కానీ చాలావరకు ఇవి దాదాపు 30 కిలోమీటర్ల గడులున్న పాత వాతావరణ రికార్డు మీద నేర్చుకున్నవి. కాబట్టి గాలి గరిష్ఠాన్నీ, ఒకే చోట కుమ్మరించే వాననూ తక్కువ చేసి చూపిస్తాయి. దారికి ఇంకో ఓటు కింద లెక్కేసుకోండి. మీ ఊళ్లో ఎన్ని మిల్లీమీటర్లు అన్నదానికి ఇప్పటికైతే వద్దు.

రాడార్: చివరి ఆరు గంటలు

తుఫాను మీ వైపు వచ్చేశాక మోడళ్లన్నీ మూసేసి రాడార్ తెరవొచ్చు. వాన పట్టీ ఎటు కదులుతోంది, ఎంత వేగంతో వస్తోంది, వెనకాల ఇంకెన్ని ఉన్నాయి అన్నది కళ్లముందే ఉంటుంది. వచ్చే గంట, రెండు గంటలకు దీన్ని మించింది లేదు. ఆ తర్వాత నమ్మకం గబగబా పడిపోతుంది, ఎందుకంటే పాత మేఘాలు కరిగిపోయి కొత్తవి పుడుతుంటాయి. పట్టీలు ఒకదాని వెనక ఒకటి ఒకే దారిన, ఒకే ఊరి మీదుగా పోతుంటే మాత్రం వెంటనే అప్రమత్తం కావాలి. ఒక్కో పట్టీ పెద్దగా భయపెట్టకపోయినా మొత్తం కలిసి ముంచుతాయి.

లోపలి ఊళ్లకు రాడార్‌తో ఒక ఇబ్బంది ఉంది. కిరణం తిన్నగా పోతుంటే భూమి కిందికి వంగుతుంది. అర డిగ్రీ కోణంలో పంపిన కిరణం 100 కిలోమీటర్ల దగ్గర నేలకు సుమారు కిలోమీటరున్నర పైన, 200 దగ్గర నాలుగు కిలోమీటర్ల పైన ఉంటుంది. తుఫాను వానలో చాలా భాగం కింది పొరల్లోనే తయారవుతుంది, దూరంగా ఉన్న రాడార్ దాని నెత్తి మీద నుంచి చూసి తక్కువని చెబుతుంది. స్టేషన్ దూరంగా ఉన్నా, మధ్యలో కొండ అడ్డున్నా తెర మీద కనిపించే పసుపు రంగును చూసి ధీమాగా ఉండకండి. దగ్గర్లో ఉన్న ఆటోమేటిక్ వర్షమాపకం అంకె దొరికితే దానితో సరిపోల్చుకోండి. రెండింటికీ పొసగకపోతే నా ఓటు వర్షమాపకానికే.

ఫోన్‌లో వచ్చే యాప్ బొమ్మ

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చాలా యాప్‌లు ఒక మోడల్‌లోని ఒక గడి అంకెను తీసుకుని మేఘం బొమ్మ పెడతాయి. ఎంత వాన, ఎంత అనిశ్చితి అన్నది అందులో ఉండదు. మామూలు రోజుల్లో గొడుగు తీసుకెళ్లాలా అన్నదానికి చాలు, తుఫాను రోజున దాని జోలికి పోవద్దు.

వాన సూచన వేరు, వరద సూచన వేరు

చాలామంది అసలు చూడనిది ఇదే. 150 మిల్లీమీటర్లు ఎండిన నేల మీద పడితే ఒకలా ఉంటుంది, వారం రోజులుగా నాని, చెరువులన్నీ నిండి ఉన్న చోట పడితే ఇంకోలా ఉంటుంది. 2024 సెప్టెంబరులో హెలీన్ హరికేన్ అమెరికాలోని ఫ్లోరిడా తీరం దాటకముందే, వందల కిలోమీటర్ల అవతల నార్త్ కరోలినా పడమటి కొండల మీద వేరే భారీ వాన మొదలైపోయింది. తుఫాను తేమే దానికీ మేత వేసింది. 27న తుఫాను వాన అక్కడికి చేరేసరికి నేలలో ఇంకే చోటు లేదు, వాలంతా నదుల్లోకి దిగింది. హెలీన్ వానను మాత్రమే చూసినవాళ్లకు అక్కడ ఏం జరగబోతోందో సగమే అర్థమవుతుంది.

అందుకని వాన సూచన పక్కన రెండు విషయాలు పెట్టుకోండి. గత వారంలో మీ ప్రాంతంలో, మీకు ఎగువన ఎంత పడింది? చెరువులు, జలాశయాలు ఎంత నిండి ఉన్నాయి? ఆ తర్వాత నది సూచనలు. పెద్ద నదులకు భారత్‌లో కేంద్ర జల సంఘం బులెటిన్లు ఉన్నాయి. ప్రపంచమంతటికీ యూరోపియన్ ఎన్‌సెంబుల్‌తో నడిచే గ్లోఫాస్ అనే వరద సూచన వ్యవస్థ ఉంది, గూగుల్ ఫ్లడ్ హబ్ ఉంది. పెద్ద నది ఎన్ని రోజులకు పొంగుతుందో వీటిలో తెలుస్తుంది. చిన్న వాగులకు ఇవేవీ సరిపోవు. వాగు గంటల్లో పొంగుతుంది, దానికి రాడార్, వర్షమాపకం, ఎగువ ఊళ్లో ఉన్న మనిషి ఫోనే గతి. నిజానికి ఆ ఫోన్ కాల్‌ను నేను మోడళ్ల కంటే పైన పెడతాను.

టైమ్ తక్కువుంటే ఏం చూడాలి

తుఫాను ఇంకా మూడు, నాలుగు రోజుల దూరంలో ఉంటే బులెటిన్ పాఠం, ఎన్‌సెంబుల్ శాతాలు చాలు. గంటకోసారి మోడల్ మార్చి చూస్తే టెన్షన్ తప్ప మిగిలేది లేదు. రోజుకు రెండుసార్లు, ఒకే వేళకు చూడండి. తీరం దాటే రోజున 3 కిలోమీటర్ల మోడల్ ఉంటే అదీ, జిల్లా హెచ్చరికా. తుఫాను మీ మీదికి వచ్చాక రాడార్, వర్షమాపకం. కొండ వాలు కింద ఉన్నవాళ్లు, కల్వర్టు దాటి వెళ్లాల్సినవాళ్లు వీటిలో దేనికోసమూ ఆగకూడదు. ఎరుపు హెచ్చరిక వచ్చిందా, ఖాళీ చేయమని అధికారులు చెప్పారా, వెలుతురు ఉండగానే కదలాలి. అప్పుడు మోడల్ ఏమంటోందని తెరిచి చూడ్డం అనవసరం.

"తుఫాను అల్పపీడనంగా బలహీనపడింది" అన్న వార్త వచ్చాక ఎప్పటిదాకా గమనించాలో కూడా తేల్చుకోండి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటి, దేశాన్ని అడ్డంగా దాటుకుంటూ బలహీనపడి, అరేబియా సముద్రంలో దిగి షాహీన్‌గా లేచి, అక్టోబరు 3న ఒమన్ మీద పడింది. అది మరీ అరుదు. మామూలుగా అయితే మీ ఊళ్లో ఎండ కాసిన తర్వాత కూడా ఎగువన పడిన నీరు దిగువకు చేరడానికి ఒకటి నుంచి మూడు రోజులు, పెద్ద నది అయితే ఇంకా ఎక్కువే పడుతుంది. మీకు ఎగువనున్న గేజి స్టేషన్‌లో నీటిమట్టం వరుసగా రెండు, మూడు బులెటిన్లలో తగ్గుతూ కనిపించేదాకా పైకి ఎత్తిపెట్టిన సామాన్లు కింద సర్దకండి.